చీమల ఆమ్లం

రాత్రి రెండున్నరకి నుదుటికి దీపం కట్టుకుంటాను.
బాతాంగ్ హారి నది ఒడ్డున ఇంకా ఒక్క కోడీ కూయలేదు.
ఎండ పొడిచిందంటే చెట్టులో ఒత్తిడి పడిపోతుంది,
పాలు దిగవు.
నిన్నటి గాయం అంచున నూలుపోగంత బెరడు తీస్తాను,
ఎడమ నించి కుడికి, కిందికి వాలుగా.
తెల్లగా ఒక చుక్క.
ఆలోచించుకుని, ఇంకో చుక్క.
మూడువందల పది చెట్లు, మూడువందల పది కొబ్బరిచిప్పలు.

పాలలో రేణువులు ఒకదాన్నొకటి దగ్గరికి రానివ్వవు.
అన్నిటి ఒంటి మీదా ఒకే రుణ విద్యుత్తు,
ఒకే ఇంట్లో మాటల్లేని తోడికోడళ్లలా
ఎడం ఎడంగా తేలుతుంటాయి.
ఏడింటికి తొట్టెలో పోసి
చీమల ఆమ్లం కొలిచి కలుపుతాను.
మా భాషలోనూ దాని పేరు అదే, చీమల పులుపు.
పంతం పోతుంది. పాలు పెరుగు కాదు,
అంతకన్నా మొండిది ఏదో అవుతుంది.
అయ్యేదాకా చూడ్డానికి టైము లేదు, బడికి పరిగెత్తాలి.

పది గంటలకి తొమ్మిదో తరగతికి రసాయనశాస్త్రం నేనే చెబుతాను.
కాంట్రాక్టు ఉద్యోగం, మూడు నెలలకోసారి జీతం.
సుద్దముక్క పట్టుకున్న వేళ్ల సందుల్లో
ఎండిన పాలు నల్లటి దారాలై ఉంటాయి.
పిల్లలు నవ్వరు, వాళ్ల వేళ్లూ అంతే.

ఐసోప్రీన్. అయిదు కార్బన్లు,
అయిదు వేళ్ల చెయ్యి అనుకోండి.
చెట్టు లోపల రేణువు అంచున ఒక ఎంజైము కూర్చుని
తస్బీహ్ పూసల్లా ఒక్కొక్కటే తోస్తుంది,
పదివేలు దాటినా లెక్క తప్పదు.
జంట బంధానికి ఒకే పక్కన పట్టుకోవాలి చేతులు.
అందువల్ల వంకర. వంకర వల్ల సాగడం.
పక్క మార్చి పట్టుకుంటే
అవే అణువులు తిన్నగా పడుకుని గట్టిపడతాయి.
ఈ దీవిలోనే ఇంకో చెట్టు పాలు అలాంటివి,
ఆ తొడుగు వేసుకునే ఒకప్పుడు
తంతితీగలు సముద్రం అడుగున నడిచాయి.

ఇరవైముగ్గుర్నీ ఆవరణలో గొలుసు కట్టించాను.
లాగితే సాగారు. వదిలితే నవ్వుతూ ముద్దయ్యారు.
ఎవరు లాగారు మిమ్మల్ని వెనక్కి?
"ఎవరూ లాగలేదు బూ," అంది మర్‌దలేనా.
"తిన్నగా నిలబడ్డానికి ఒకటే దారి,
చిందరవందరకి లక్ష."
పుస్తకంలో ఈ మాట ఇంత బాగా లేదు.

జుల్‌హెంద్రీ గొలుసులోకి రాలేదు.
పోయిన వారమే వాళ్ల నాన్న చెట్లన్నీ కొట్టించి
పామాయిల్ మొక్కలకి గుంతలు తీయించాడు.
"నాకిది పరీక్షకి తప్ప దేనికి?"
జవాబు తోచలేదు.
రబ్బరు బ్యాండు ఇచ్చి, చప్పున సాగదీసి
పైపెదవికి ఆనించమన్నాను.
"వేడి."
అలాగే కాసేపు పట్టుకుని, వదిలి ఆనించు.
"చల్లన."
ఇంకోసారి చేశాడు. గంట కొట్టినా చేస్తూనే ఉన్నాడు.
అందులో గంధకం ఉందని చెప్పాను,
గొలుసుకీ గొలుసుకీ మధ్య అక్కడక్కడా ముడి.
ముడి లేకపోతే లాగింది లాగినట్టే జారిపోతుంది.
మరీ ముళ్లైతే కర్రముక్క.
విన్నాడో లేదో.

సాయంత్రం తొట్టె దగ్గర నిలబడి ఉన్నాడు.
"చెట్టుకి దీంతో ఏం పని బూ?"
తెలీదురా. గాయం పూడ్చుకోడానికంటారు.
ఒకసారి అల్లిన గొలుసుని
మళ్లీ విప్పుకుని తినలేదు మాత్రం.
"అయితే మా నాన్న కొట్టేసినవాటిలో..."
లోపలే ఉంటుంది, అల్లినంత మేర.

కాసేపు ఏమీ అనలేదు.
ముద్దని రోలర్ల మధ్యకి ఎత్తి పిడి తిప్పాడు.
తెల్లటి పలక నాలుకలా బయటికొచ్చింది,
నీళ్లు వాడి పాదాల మీద కారాయి.
రేపు తౌకె బొటనవేలితో నొక్కి,
తడి ఉందని కిలోకి ఇంతని కోస్తాడు, ఎప్పుడూ కోసేదే.
"ఎడమ మర వదులైంది, బిగించుకోవాలి,"
అన్నాడు జుల్‌హెంద్రీ,
అచ్చం నేను పాఠం చెప్పే గొంతుతో.